ఇరవై ప్రశ్నలు పట్టుకుని పటమట దాకా

ఊళ్ళు తిరిగొచ్చి రాసేవాళ్ళు మంచుకొండలైనా ఎక్కి వస్తారు, సముద్రమైనా దాటి వస్తారు. నేను దాటింది పులిగడ్డ దగ్గర కృష్ణపాయ ఒక్కటే. అవనిగడ్డ నుంచి విజయవాడ పటమట దాకా వెళ్ళి, నాలుగో రోజుకి తిరిగొచ్చాను. ఆ మాత్రం దూరానికి రాతలెందుకని మా ఆవిడే అడిగింది. ఊళ్ళో ఇంకెవరైనా ఇదే పని మీద బయల్దేరబోతుంటే, నేను పడ్డ గోతిలో పడకుండా పక్కనుంచి నడుస్తారని రాస్తున్నాను. గోయి తవ్వుకున్నది కూడా నేనే.

అవనిగడ్డ

నేను లెక్కల మాస్టార్ని. రిటైరయ్యాక కాళ్ళు ముడుచుకుని కూర్చోకుండా, టీచరు ఉద్యోగాల పరీక్షకి చదివేవాళ్ళకి పాఠాలు చెబుతున్నాను. మా ఊళ్ళో వరి తరవాత పెద్ద పంట ఇదే. ఎక్కడెక్కడి జిల్లాలనుంచో వచ్చి గదులు తీసుకుని, అరుగుల మీద కూర్చుని బిట్లు బట్టీపడుతుంటారు. మోడల్ పేపరు చేతికిస్తే చాలు, రాయి చేత కూడా పాసు మార్కులు తెప్పిస్తానని నాకు కొంచెం పేరుంది. ఆ పేరు పెట్టింది కూడా నేనే అనుకుంటాను.

మా అమ్మాయి శైలజ ఊళ్ళోనే ప్రైవేటు స్కూల్లో టీచరు. అల్లుడికి విశాఖపట్నంలో ఉద్యోగం. అందుకని శైలజ, దాని కూతురు హాసిని మా దగ్గరే ఉంటారు. హాసినికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. టీవీలో వచ్చే సబ్బు ప్రకటన మొదటినుంచి చివరిదాకా అప్పజెబుతుంది. దాహమేస్తే మాత్రం నీళ్ళు అడగదు. సీసా మూతలు గుమ్మం నుంచి వంటింటిదాకా వరసపెడుతుంది, అందులో ఒక్కటి కదిపితే ఇల్లు లేచిపోయేట్టు ఏడుస్తుంది. పేరు పెట్టి పిలిస్తే పలకదు. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ కనిపించినా పళ్ళెం నెట్టేస్తుంది.

ఇవన్నీ ఏడాదిగా గమనించింది శైలజ ఒక్కతే. మిగతావాళ్ళం దానికి నచ్చజెప్పే పనిలో ఉండేవాళ్ళం. అల్లుడు ఫోనులో "నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు" అనేవాడు. మా ఆవిడ మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించేది. నేను "ఐదేళ్ళకి గానీ నోరు విప్పనివాళ్ళు కలెక్టర్లయ్యారు" అనేవాణ్ణి. ఆ కలెక్టరు ఎవరు నాన్నా అని శైలజ ఒకసారి అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాను.

అంతలో అంగన్‌వాడీకి పిల్లల్ని చూడటానికి వైద్యులు వచ్చారు. శైలజని కూర్చోబెట్టి ఒక కాగితంలోని ఇరవై ప్రశ్నలు అడిగారు. పిలిస్తే తిరిగి చూస్తుందా? నచ్చినది కనిపిస్తే వేలు పెట్టి మీకు చూపిస్తుందా? ఉత్తుత్తి కప్పుతో టీ తాగినట్టు ఆడుతుందా? ఇలాంటివి. చాలావాటికి శైలజ "లేదు" అంది. ఇది రోగం ఉందని చెప్పే కాగితం కాదనీ, ఇంకా వివరంగా చూడాలా వద్దా అని తేల్చుకోవటానికేననీ చెప్పి, విజయవాడలో పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. ఆటిజం అనే మాట మా ఇంట్లోకి ఆ రోజే వచ్చింది.

ఆ కాగితం నకలు శైలజ బీరువా మీద పెట్టింది. నా కళ్ళు దాని మీద పడ్డాయి. ఇరవై ప్రశ్నలు, ఇరవయ్యీ ముందే తెలిసినవి. సిలబస్ ఇంత స్పష్టంగా ఇచ్చిన పరీక్ష నా సర్వీసులో చూడలేదు. విజయవాడ వెళ్ళటానికి చేతిలో ఇరవై ఒక్క రోజులున్నాయి. పొద్దున్నే శైలజ స్కూలుకి వెళ్ళగానే, పెరట్లో నా క్లాసు మొదలయ్యేది.

కళ్ళలోకి చూడటం నేర్పటానికి బిస్కెట్‌ని నా కళ్ళజోడు పక్కన పట్టుకునేవాణ్ణి. అటు చూస్తే బిస్కెట్. ఏనుగు బొమ్మ మీద వేలు పెట్టి "ఇది ఏనుగు" అంటే ఇంకో బిస్కెట్. "నా పేరు హాసిని. మాది అవనిగడ్డ" అంటే రెండు. పాత అలవాటు కొద్దీ ఏ రోజుది ఆ రోజు నోటుపుస్తకంలో రాసి మార్కులు వేశాను. మా ఆవిడ బిస్కెట్లు తెచ్చిపెట్టేది. శైలజకి చెప్పలేదు. పాసయ్యాక చెబితే సంతోషిస్తుందనుకున్నాను.

ఉయ్యూరు మీదుగా

బస్సులో ఆడవాళ్ళకి సున్నా టికెట్టు. శైలజకి ఉచితం, హాసినికి టికెట్టే లేదు. డబ్బు పెట్టి ప్రయాణం చేసింది ముగ్గురిలో నేనొక్కణ్ణే, కాబట్టి పెద్దరికం కూడా నాదేనని కిటికీ పక్క సీటు తీసుకున్నాను. ఒళ్ళో కూర్చున్న హాసిని నా మణికట్టు పట్టుకుని నా చేతిని కిటికీ అద్దం మీద పెట్టింది. తీశాను. చల్లపల్లి దాటేదాకా అద్దం తీస్తూ వేస్తూనే ఉన్నాను. తాత చెయ్యి వదలదని నాకదో గర్వం.

పామర్రులో ఎక్కిన పెద్దావిడ పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో జామకాయల సంచి సర్దుకుంటూ అడిగింది. "పాపని ఎక్కడికండీ తీసుకెళ్తున్నారు?"

"కళ్ళ పరీక్షకండీ" అన్నాను. అబద్ధం అంత తొందరగా ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం. శైలజ నా వైపు చూసి ఊరుకుంది.

"ఇంత పసిదానికి కళ్ళజోడా? పొన్నగంటి కూర పెట్టండి. మా మనవడికి అట్టాగే పెట్టాం" అంది ఆవిడ. ఉయ్యూరు చక్కెర మిల్లు వాసన వచ్చేదాకా పొన్నగంటి కూర ఎన్నిరకాలుగా వండొచ్చో చెప్పింది. మధ్యలో హాసినికి జామకాయ ఇచ్చింది. హాసిని దాన్ని వాసన చూసి నా జేబులో పెట్టింది.

పటమట

పటమటలో మాకు చుట్టాలున్నారు. వాళ్ళింటికెళ్తే ఎందుకొచ్చారని అడుగుతారని లాడ్జిలో దిగాం. మా ఊళ్ళో అయితే చుట్టాల్ని వదిలి లాడ్జిలో దిగినవాణ్ణి ఏడాదిపాటు పెళ్ళిళ్ళకి పిలవరు. అందుకని చుట్టాలుండే వీధి తప్పించి, చుట్టూ తిరిగి టిఫినుకి వెళ్ళేవాణ్ణి. మూడో రోజు ఆ చుట్టమే టిఫిను దగ్గర ఎదురయ్యాడు. ఆయనకీ కళ్ళ పరీక్షే చెప్పాను.

ఇడ్లీ మాత్రం చెప్పుకోవాలి. మా దగ్గర ఇరవైకి నాలుగు వస్తాయి. ఇక్కడ నలభైకి రెండు, కాకపోతే నెయ్యి, కారప్పొడి ఆ రెండిటిమీదే నాలుగిటికి సరిపడా వేస్తాడు. హాసినికి ఉత్త ఇడ్లీ కావాలంటే బల్ల దగ్గర మనిషి నమ్మలేదు. "చట్నీ వద్దా? నెయ్యి కూడానా? ఒంట్లో బాలేదా అండీ?" అని మూడుసార్లు అడిగాడు.

రెండో రోజు: చెవులు

ముందు చెవులు చూడాలన్నారు. పిలిస్తే పలకకపోవటానికి వినపడకపోవటం కూడా కారణం కావచ్చు, అది తేల్చుకోకుండా ముందుకి పోకూడదట. నాకిది తట్టలేదు. సబ్బు ప్రకటన వినే కదా నేర్చుకుందని అప్పుడనిపించింది గానీ, వాళ్ళు అన్నీ తరచి చూసుకుంటారు.

ఆ పరీక్షకి పిల్ల నిద్రపోవాలి. అందుకని పొద్దున పెందలాడే లేపి, మధ్యాహ్నందాకా పడుకోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. ఆ పని నేను తీసుకున్నాను. తెల్లారకముందే లేపి లాడ్జి వరండాలో తిప్పాను, మూతలు పేర్పించాను, సబ్బు ప్రకటన నేనూ పాడాను. మధ్యాహ్నం ఆ చల్లటి గదిలో, చెవులకి తీగలు తగిలించే వేళకి, హాసిని కళ్ళు పత్తికాయల్లా తెరుచుకుని కూర్చుంది. కుర్చీలో నేను నిద్రపోయాను.

"పెద్దాయన్ని కాస్త బయట కూర్చోబెట్టండమ్మా, గురక మిషన్లో పడుతోంది" అని తీగలు తగిలించే అమ్మాయి శైలజతో అందట. నేను బయటికెళ్ళాక హాసిని పది నిమిషాల్లో నిద్రపోయిందట. వినికిడి బాగానే ఉందన్నారు.

మూడో రోజు: బొమ్మల గది

రక్తం తీస్తారనీ, తలకి స్కానింగు చేస్తారనీ భయపడ్డాను. ఆటిజం ఉందని చెప్పే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేవట. ఒక గది నిండా బొమ్మలు. నేల మీద చాప. ఒక పడుచమ్మాయి, హాసినిని ఆడించి చూసే ఆవిడ, చాప మీదే కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. అది చూడగానే నా గుండె సంతోషంతో కొట్టుకుంది.

హాసిని తిన్నగా వెళ్ళి ఆ కళ్ళజోడు వైపు చూసింది. "నా పేరు హాసిని. మాది అవనిగడ్డ" అంది. ఏనుగు బొమ్మ కనిపించగానే వేలు పెట్టి "ఇది ఏనుగు" అంది. ఆ అమ్మాయి "భలే" అని రాసుకుంది. హాసిని అరచెయ్యి చాపి నిలబడింది, బిస్కెట్ కోసం. ఆ అమ్మాయి షేక్ హ్యాండ్ అనుకుని చెయ్యి కలిపింది.

"ఇవాళ బాగానే చేసిందండీ. చూపు కలుపుతోంది, వేలుపెట్టి చూపిస్తోంది. రేపు డాక్టరుగారు చూస్తారు" అంది మాతో. తరవాత శైలజని చిన్నప్పటినుంచీ ఏం జరిగిందో గంటసేపు అడిగింది. శైలజ చెప్పేదానికీ, గదిలో కనిపించినదానికీ పొంతన లేదు. ఆ అమ్మాయి కలం మధ్యమధ్య ఆగిపోతోంది. "ఇంట్లో ఇలా చెయ్యదండీ, నిజం" అని శైలజ రెండుసార్లు అంది. నేను దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

గుణదల

సాయంత్రం గుణదల కొండకి వెళ్దామంది శైలజ. మరియమాతకి కొవ్వొత్తి పెడతానని మొక్కుకుందట. మాది పొద్దున లేస్తే సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకునే ఇల్లు, అయినా మా వైపునుంచి ఆ కొండకి వెళ్ళనివాళ్ళు తక్కువ. మెట్లెక్కుతుంటే నా మోకాళ్ళు పలికాయి. శైలజ మాత్రం ఒక్క మాటా పలకలేదు.

పైన కూర్చున్నాం. హాసిని నేల మీద రాలిన మైనం ముక్కలు ఏరి వరసపెడుతోంది. అంతలో అల్లుడు ఫోను చేశాడు. నేను ముందే ఆయనకి శుభవార్త పంపేశాను. అటునుంచి గొంతు నాకూ వినిపించింది. "చెప్పానా? ఏమీ లేదని. అనవసరంగా పిల్లని తిప్పావు."

శైలజ ఫోను పెట్టేసి, హాసిని పేర్చిన మైనం వరసనే చూస్తూ కూర్చుంది. తరవాత నెమ్మదిగా అంది.

"నాన్నా, నాకే ఏదైనా తేడా ఉందేమో."

"అదేంటమ్మా?"

"ఏడాదినుంచి నేను చూసిందంతా నేనే కల్పించుకున్నానా? నిన్న దాకా పిలిస్తే పలకని పిల్ల ఇవాళ ఆవిడ మొహంలోకి చూసి పేరు చెప్పింది. నా కన్నబిడ్డకి లేని రోగం అంటగట్టానా? ఆయన అన్నట్టు నాదే పిచ్చేమో. రేపు డాక్టరు దగ్గరికి వద్దు, పొద్దున్నే వెళ్ళిపోదాం."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. "చలిగాలి వస్తోంది, దిగుదాం పద" అన్నాను. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి గొంతెత్తి మాట్లాడినవాణ్ణి, కన్నకూతురు ముందు నాలుగు ముక్కలు చెప్పలేకపోయాను. నామీద నాకు అసహ్యం వేసింది. వెళ్ళిపోవటానికి మాత్రం ఒప్పుకోలేదు. వచ్చాం కదా, ఆ ఒక్క చూపూ అయిపోనీ అన్నాను.

మళ్ళీ పటమట

నాలుగో రోజు పొద్దున మా ముందు కైకలూరు వైపునుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. చేపల చెరువులున్నాయట. ఐదేళ్ళ కొడుకు ఆయన ఒళ్ళో తల పెట్టుకుని చొక్కా గుండీలు తిప్పుకుంటున్నాడు. మాటా మాటా కలిసింది.

"మేం రెండేళ్ళు లేటండీ" అన్నాడాయన. "ఎవరూ చెప్పక కాదు. అంగన్‌వాడీ టీచరు చెప్పింది, మా మరదలు చెప్పింది. చెప్పినోళ్ళందరితో పోట్లాడాను. మావాడికేం, బంగారం అన్నాను. బంగారమే, ఎవరు కాదన్నారు? ఇప్పుడు వారానికి మూడుసార్లు తీసుకొస్తున్నా. ఈ మధ్యే 'నాన్నా, నీళ్ళు' అన్నాడు. ఆ మాట రెండేళ్ళ ముందే వినేవాణ్ణేమోనని ఉంటుంది."

మమ్మల్ని పిలిచారు. డాక్టరుగారు నలభై దాటినావిడ. ముందురోజు కాగితాలు తిరగేస్తూ, "తల్లి చెప్పినది ఒకలా ఉంది, మేం చూసినది ఇంకోలా ఉంది" అంది. శైలజ తల దించుకుంది. ఆ దించుకోవటం నేను చూడలేకపోయాను. సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.

"నేను కోచింగ్ ఇచ్చానండీ" అన్నాను.

"ఇరవై ఒక్క రోజులు. ఆ ప్రశ్నల కాగితం చూసి. అమ్మాయికి తెలియదు. అది చెప్పిందే నిజం" అన్నాను. శైలజ నా వైపు చూడలేదు. పుస్తకం వైపే చూస్తోంది.

డాక్టరుగారు నవ్వుతుందో కేకలేస్తుందో తెలియలేదు. కలం మూత పెట్టింది. "మాస్టారూ, కళ్ళ పరీక్షకి వెళ్ళేముందు ఆ బోర్డు మీద అక్షరాలన్నీ పిల్ల చేత బట్టీ పట్టిస్తారా?"

"పట్టించనండీ."

"పట్టిస్తే గడగడా చదివేస్తుంది. కళ్ళజోడు రాదు. తరవాత బళ్ళో నల్లబల్ల కనపడదు. అప్పుడెవరికి నష్టం?"

బస్సులో నేను చెప్పిన కళ్ళ పరీక్ష అబద్ధం ఈవిడకెలా తెలిసిందా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. తప్పు చేసినవాడికి అన్నీ అలాగే వినపడతాయి.

ఆవిడ పుస్తకం మొదటి పేజీనుంచి చదవటం మొదలుపెట్టింది. నేను వేసిన మార్కులు చూసి పెదవి బిగపట్టుకుంది, నవ్వు ఆపుకోవటానికేమో. ఒకచోట ఆగి పైకి చదివింది. "తొమ్మిదో రోజు. కాకిని చూపించమంటే చూపించలేదు. నా చెయ్యి పట్టుకెళ్ళి బిస్కెట్ డబ్బా మూత మీద పెట్టింది. మార్కులు సున్నా. రిమార్కు: తాతంటే ప్రాణం."

"ఇలా తరచూ చేస్తుందా?"

"రోజంతా నా చెయ్యి పట్టుకునే తిరుగుతుందండీ" అన్నాను, ఆ స్థితిలో కూడా కొంచెం గర్వంగానే.

"అప్పుడు మీ మొహంలోకి చూస్తుందా?"

ఆలోచించాను. డబ్బా, తలుపు గొళ్ళెం, బస్సు కిటికీ. అన్నిచోట్లా అది నా చేతినే చూసింది. చెయ్యి అందకపోతే గరిటె వెతుక్కున్నట్టు. ఒక్కసారీ నా మొహం చూసిన గుర్తు లేదు. "లేదండీ" అన్నాను.

"ప్రేమ లేదని కాదండీ. అడగటం ఎలాగో ఇంకా తెలియదు, అందుకని మీ చెయ్యి వాడుకుంటోంది" అని, ఆవిడ చాప మీద కూర్చుని హాసినితో తనే ఆడటం మొదలుపెట్టింది. ఈసారి తన కళ్ళజోడు తీసేసింది. ఏనుగుని పక్కన పెట్టేసింది. సబ్బునీటి బుడగలు ఊదింది, మధ్యలో ఆపేసింది, ఉత్తుత్తి కప్పు నోటికి అందించింది. హాసిని కప్పులన్నీ గోడవారగా వరస పేర్చింది. బుడగలు కావాలనిపించినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకెళ్ళి సీసా మీద పెట్టింది. శైలజ ఇంట్లో ఫోనులో తీసిన వీడియోలు కూడా చూపించింది. నా పుస్తకం ఆవిడ ఒళ్ళోనే ఉంది. పిల్ల నేర్చుకున్నవాటికంటే, ఎంత నేర్పినా రానివి ఇందులో బాగా కనిపిస్తున్నాయంది.

చివరికి అన్ని కాగితాలూ ఒకచోట పెట్టుకుని నిదానంగా చెప్పింది. ఆటిజమే. మాటకీ, ఆటకీ శిక్షణ ఇప్పుడే మొదలుపెడితే మంచిది. ఇది తల్లి పెంపకం వల్లా, ఎవరి తప్పువల్లా వచ్చేది కాదు.

శైలజ ఏడుస్తుందనుకుని రుమాలు తీశాను. అది ఒకే ఒక్క మాట అడిగింది. "అంటే, నేను చూసింది నిజమేనా అండీ?"

"నిజమేనమ్మా. అందరికంటే ముందు మీరే చూశారు."

శైలజ కుర్చీలో వెనక్కి వాలింది. ఏడాది బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. రుమాలు నాకే పనికొచ్చింది.

పులిగడ్డ దాకా

బయటికొచ్చాక శైలజ హాసినిని ఎత్తుకుని పటమట సెంటరు దాకా నా ముందే నడిచింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు అంది. "నాకు చెప్పి ఉంటే, కనీసం మంచి బిస్కెట్లయినా కొనేదాన్ని." అది నవ్వించటానికన్నదో దెప్పటానికన్నదో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. ఆయనకి కూడా నువ్వే చెప్పాలి నాన్నా అంది. బస్సెక్కేముందే చెప్పాను. ఆయన అంతా విని, "శైలజకి ఫోనివ్వండి మావయ్యగారూ" అన్నాడు. ఇచ్చి, నాలుగడుగులు దూరంగా వెళ్ళి నిలబడ్డాను.

డాక్టరుగారు నాకు ఇంటిపని ఇచ్చింది. ప్రశ్నలు అడగొద్దు. పాఠం చెప్పొద్దు. హాసిని నా చెయ్యి పట్టుకుని దేనిమీదైనా పెట్టినప్పుడు కాస్త ఆగాలి. అది ఏదైనా శబ్దం చేసినా, చూసినా సరే, ఒక్క మాట చెప్పి ఆ పని చెయ్యాలి. అంతే.

కంకిపాడు దాటాక మణికట్టు మీద ఆ చిన్న చెయ్యి పడింది. నా చేతిని తీసుకెళ్ళి కిటికీ అద్దం మీద పెట్టింది. నేను ఆగాను. ఆగటం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు. హాసిని అద్దం వైపు చూసింది. నా చెయ్యి ఇంకోసారి నొక్కింది. అద్దం కదల్లేదు. అప్పుడు గబగబా చెప్పేసింది.

"నా పేరు హాసిని. మాది అవనిగడ్డ. ఇది ఏనుగు."

నా దగ్గరనుంచి ఏదైనా రావాలంటే ఏం అప్పజెప్పాలో దానికి నేను నేర్పిన మాటలవే. కిటికీ కావాలని అడగటానికి దాని దగ్గర ఇంకో మాట లేదు. ఇరవై ఒక్క రోజులు కూర్చోబెట్టి, ఒక్క పనికొచ్చే మాట నేర్పలేదు నేను.

"తియ్యి" అన్నాను. అద్దం తీశాను. గాలి మొహానికి కొట్టింది. కాసేపయ్యాక వేసేశాను. మళ్ళీ నా చెయ్యి. మళ్ళీ ఆగాను. "తియ్యి." తీశాను.

వెనక సీట్లోంచి ఒకావిడ అంది. "ఏందండీ ఆ పిల్లతో ఆటలు? గాలికి జుట్టంతా రేగిపోతోంది."

కళ్ళ పరీక్ష నాలిక చివరిదాకా వచ్చింది. "పాపకి ఆటిజం అండీ" అన్నాను. "అడగటం నేర్పుతున్నాం. నాక్కూడా కొత్తే."

ఆవిడ కొంగు తలమీదుగా లాక్కుని చెవుల చుట్టూ బిగించుకుంది. "అట్టాగా. అయితే తియ్యండి" అంది.

ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి. తీశాం, వేశాం. పులిగడ్డ దగ్గర ఏటి గాలి లోపలికొచ్చేసరికి నా చెయ్యి నొప్పెట్టింది. ఇంకా ఒక్క మాటా రాలేదు.

"ఎన్నోసారి నాన్నా?" అంది శైలజ.

"లెక్కపెట్టలేదమ్మా" అన్నాను. హాసిని నా చేతిని మళ్ళీ అద్దం మీద పెట్టింది, నేను ఆగాను.